గోల్డెన్ వాటిల్ గిఫ్ట్ కిట్టు: గింజలకు పూర్తి మార్కులు, కుండీకి సున్నా

ఆస్ట్రేలియాలో సావనీర్ షాపుకి వెళ్ళినా, పెద్ద నర్సరీలో గిఫ్టుల అర ముందు నిలబడినా, గోల్డెన్ వాటిల్ అనే పసుపు పూల చెట్టును పెంచుకునే కిట్టు ఒకటి కంటబడుతుంది. అరచేతిలో పట్టే డబ్బా. విప్పితే పది పదిహేను గింజల పొట్లం, నొక్కి ఎండబెట్టిన కొబ్బరిపొట్టు బిళ్ళలు రెండు మూడు, టీ గ్లాసంత కుండీ, మడతపెట్టిన సూచనల కాగితం. ఖరీదు సుమారుగా పది నుంచి ఇరవై డాలర్లు. ఇదే సరుకును వేర్వేరు బొమ్మలతో చాలామంది అమ్ముతున్నారు కాబట్టి ఈ సమీక్ష ఏ ఒక్క బ్రాండు మీదా కాదు, ఈ తరహా కిట్టు మీద. ఆ డబ్బుకే విడిగా ఏం కొనుక్కోవచ్చో, కొమ్మతో మొక్క చేయడానికి అమ్మే సామాన్లలో ఏది నిజంగా పనికొస్తుందో కూడా ఇందులోనే చెప్పుకుందాం.

డబ్బాలో విలువైనది గింజ ఒక్కటే. మిగతావన్నీ ఆ గింజకు అడ్డం వచ్చేవే. ఐదుకి రెండు మార్కులు ఇస్తున్నాం, ఆ రెండూ గింజలవే.

గోల్డెన్ వాటిల్, అంటే అకేషియా పిక్నాంథా, 1988 నుంచి ఆస్ట్రేలియా అధికారిక జాతీయ పుష్పం. సెప్టెంబర్ 1ని దేశమంతా వాటిల్ దినంగా జరుపుకుంటుంది. మన తుమ్మకు దగ్గర చుట్టం. పసుపు పచ్చని పూల బంతులు చూస్తే తుమ్మచెట్టు కింద ఆడుకున్నవాళ్ళెవరికైనా వెంటనే అర్థమవుతుంది. ఒకప్పుడు రెండూ అకేషియాలే. 2005లో వియన్నాలో జరిగిన వృక్షశాస్త్ర మహాసభ ఆ పేరును ఆస్ట్రేలియా చెట్లకే ఉంచడంతో మన నల్ల తుమ్మ వాచెలియా అయింది. గింజ స్వభావం మాత్రం ఇద్దరిదీ ఒకటే. మేకలు తిని దొడ్డిలో విడిచిన తుమ్మ గింజలను ఏరి నాటితే త్వరగా మొలుస్తాయని మన రైతులకు ఎప్పటినుంచో తెలుసు. గట్టి పెంకును మేక కడుపు మెత్తబరుస్తుంది. వాటిల్ గింజకు ఆ పని అడవి మంట చేస్తుంది, ఇంట్లోనైతే మరిగే నీళ్ళు చేస్తాయి.

కిట్టు సూచనల్లో మొదటి తప్పు ఇక్కడే దొరుకుతుంది. "గోరువెచ్చని నీటిలో రాత్రంతా నానబెట్టండి" అని రాసి ఉంటుంది. గోరువెచ్చని నీళ్ళకు ఈ గింజ చలించదు. గింజను కాడకు కట్టిన మచ్చ పక్కన కంటికి ఆనని చిన్న మూత లాంటిది ఉంటుంది. అది వేడికి తెరుచుకుంటేనే నీరు లోపలికి వెళుతుంది. తెరుచుకోకపోతే గింజ మట్టిలో దశాబ్దాలు అలాగే ఉండిపోతుంది. చచ్చిపోయి కాదు, నిద్రపోతూ. కుండీలో మూడు వారాలు చూసి గింజలు పాడైపోయాయని పారేసేవాళ్ళు చాలామంది. ఆ పారేసిన గింజల్లో చాలావరకు బతికే ఉంటాయి.

సరైన పద్ధతి ఇది. స్టీలు గ్లాసులో గింజలు వేయాలి. గింజల పరిమాణానికి పది రెట్లు నీళ్ళు కెటిల్‌లో సలసల కాగించి, పొంగు ఆగిన వెంటనే గింజల మీద పోయాలి. గ్లాసును మళ్ళీ పొయ్యి మీద పెట్టకూడదు, ఉడికితే లోపలి మొలక చస్తుంది. నీరు దానంతట అదే చల్లారాలి. పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటలు అలాగే వదిలేయాలి. పొద్దున చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. నిన్న నిగనిగలాడుతూ నల్లగా, సన్నగా ఉన్న గింజ ఇవాళ రెండింతలై, పైపొర గోధుమ రంగుకు తిరిగి, వేళ్ళ మధ్య నొక్కితే నానిన పెసరగింజలా మెత్తగా ఉంటుంది. ఉబ్బినవాటిని ఆ రోజే విత్తేయాలి, ఆరబెట్టి దాచకూడదు. ఉబ్బనివాటికి మళ్ళీ మరిగే నీళ్ళు పోయాలి. రెండోసారికీ లొంగనివాటికి గోళ్ళ కత్తెరతో, మచ్చకు ఎదురు వైపున, పెంకు మాత్రం తెగేలా చిన్న గాటు పెట్టాలి. తెల్లటి లోపలి భాగం కనబడితే చాలు, ఇంకా లోతుకు పోకూడదు. గింజలు కొద్దిగానే ఉంటే మొదటినుంచీ ఈ గాటు పద్ధతే నమ్మకమైనది. వందల గింజలకు మాత్రం ఓపిక చాలదు.

ఒక హెచ్చరిక. వాటిల్ అన్న పేరున్న ప్రతిదానికీ మరిగే నీళ్ళు పనికిరావు. క్వీన్స్‌లాండ్ వైపు పెరిగే బ్రిగలో, అంటే అకేషియా హార్పోఫిల్లా, పెంకు మెత్తగా ఉన్న గింజ. దానికి ఏ శుద్ధీ అక్కర్లేదు, వేడినీళ్ళు పోస్తే చెడిపోతుంది. పైగా అది నిలవ ఉండదు, తాజాగానే విత్తాలి. పొట్లం మీద జాతి పేరు లేకుండా ఒట్టి "వాటిల్ మిక్స్" అని ఉంటే కొనకపోవడమే మంచిది. ఏ గింజకు ఏ శుద్ధి చేయాలో తెలియదు, ఏ చెట్టు వస్తుందో అసలే తెలియదు.

ఇక బిళ్ళలు, కుండీ. కొబ్బరిపొట్టు బిళ్ళ నీళ్ళు పోయగానే ఉబ్బి ముచ్చటగా కనిపిస్తుంది. టమాటాకు, బంతికి మంచిదే. వాటిల్‌కి రెండు చిక్కులున్నాయి. నొక్కిన పొట్టు నీటిని చాలాసేపు పట్టి ఉంచుతుంది, పైభాగం ఎండినట్టు కనిపించినా లోపల జిడ్డుగా తడి ఉంటుంది. ఆ తడిలోనే నారుకుళ్ళు వస్తుంది. నిన్నటిదాకా నిటారుగా నిలబడిన మొలక, మట్టిని ఆనుకున్న చోట దారంలా సన్నబడి పక్కకు వాలిపోతుంది. అలా వాలిన మొలకకు మందు లేదు. దాన్ని తీసేసి, మిగతావాటికి నీళ్ళు తగ్గించి, గాలి ఆడేలా పెట్టడమే చేయగలిగింది. కుండీ మీద పారదర్శక మూత ఇచ్చి "మొక్క పెరిగేదాకా మూసి ఉంచండి" అని చెప్పే కిట్లు ఈ రోగానికి పందిరి వేసి పిలుస్తున్నట్టే. మొలక కనబడిన రోజే మూత తీసేయాలి.

రెండో చిక్కు ఇంకా పెద్దది. వాటిల్ తల్లివేరుతో పుట్టే చెట్టు. పైన రెండు మూడు ఆకులు విచ్చుకునేలోపు కింద వేరు ఆరేడు సెంటీమీటర్లు దిగిపోతుంది. కిట్టు కుండీ లోతే అంత. అడుగు తగలగానే వేరు పక్కకు తిరుగుతుంది, గుండ్రంగా చుట్టుకుంటుంది. పైకి చూస్తే మొక్క పచ్చగా, ఆరోగ్యంగా ఉంటుంది. లోపం బయటపడేది రెండు మూడేళ్ళ తర్వాత, మనిషంత ఎత్తు ఎదిగిన చెట్టు తడినేలలో ఒక గాలివానకు మొదలుతో సహా ఒరిగినప్పుడు. చుట్టుకున్న వేరు నేలలో నాటినా విప్పుకోదు, లావెక్కుతూ తనను తానే బిగించుకుంటుంది. కుండీకి సున్నా వేయడానికి కారణం ఇదే. చెట్టు పునాదిని మొదటి నెలలోనే పాడుచేసే వస్తువుకు అందమైన బొమ్మ ఉందని మార్కు వేయలేం.

అదే డబ్బుతో ఏం కొనాలి? ఊరి దగ్గర స్థానిక మొక్కల నర్సరీ ఉంటే అక్కడ జాతి పేరు, సేకరించిన ప్రాంతం రాసిన గింజల పొట్లం నాలుగైదు డాలర్లకు దొరుకుతుంది. ఫారెస్ట్రీ ట్యూబులు అడగండి. 50 మిల్లీమీటర్ల చదరం, 120 మిల్లీమీటర్ల లోతు, లోపలి గోడల మీద నిలువు గీతలు, అడుగున జల్లెడలాంటి రంధ్రాలు. ఒక్కోటి ముప్పై నలభై సెంట్ల దగ్గర ఉంటుంది, కడిగి మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. నిలువు గీతలు వేరును చుట్టుకోనివ్వకుండా కిందికి నడిపిస్తాయి. అడుగు రంధ్రం దాకా వచ్చిన వేరు కొన గాలి తగిలి ఆగిపోతుంది, పైన పక్కవేళ్ళు పుడతాయి. ఈ లాభం రావాలంటే ట్యూబులు నేలకు ఆనకూడదు. ఇనుప జాలీ మీదో, అడుగు ఖాళీగా ఉన్న క్రేటులోనో నిలబెట్టాలి. నేల మీద పెడితే వేరు మట్టిలోకి దిగుతుంది, తర్వాత లాగితే తెగుతుంది. ట్యూబుల మార్కులు ఐదుకి ఐదు. ఈ సామానంతటిలో ఒక్కటే కొనగలిగితే ఇవే కొనండి.

మట్టికి "నేటివ్" (స్థానిక మొక్కలకు) అని రాసిన పాటింగ్ మిక్స్ తీసుకుని, మూడు పాళ్ళకు ఒక పాలు పెర్లైటో (మట్టిని గుల్లగా ఉంచే తెల్లని తేలిక గుళికలు), కడిగిన ముతక ఇసుకో కలపాలి. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు ఉంటుంది. మామూలు పాటింగ్ మిక్స్‌లో ముందే కలిపిన ఎరువులో భాస్వరం ఎక్కువ ఉంటుంది. ఆస్ట్రేలియా నేలల్లో భాస్వరం తక్కువ కాబట్టి అక్కడి చెట్లు దొరికినదంతా పీల్చుకోవడానికి అలవాటు పడ్డాయి, ఎక్కువిస్తే ఆకు అంచులు మాడిపోతాయి. వాటిల్‌లన్నీ ఒకే స్థాయిలో దెబ్బతినవు గానీ, లేత మొక్కతో ఆ ప్రయోగం దండగ. ఎరువు డబ్బా మీద ఎన్‌పీకే అంకెల్లో మధ్యది, అంటే భాస్వరం, రెండులోపు ఉన్న నేటివ్ ఎరువు చాలు, అదీ కొద్దిగా. ఇంటి దగ్గర గులాబీలకు వేసే ఎముకల పొడి, కోడిపెంట గుళికలు వీటి దరిదాపుల్లోకి రానివ్వకండి.

ఉబ్బిన గింజను ట్యూబుకు రెండేసి చొప్పున, అర సెంటీమీటరు లోతున పెట్టి, పైన సన్నని ఇసుక పలచగా చల్లాలి. 15 నుంచి 25 డిగ్రీల మధ్య వేడిలో సాధారణంగా వారం నుంచి మూడు వారాల్లో మొలుస్తుంది. నత్తలు, స్లగ్‌లు (గుల్ల లేని నత్తలు) రాత్రికి రాత్రే మొలకలు కొరికేస్తాయి, ట్యూబులు ఎత్తులో ఉంటే ఈ బాధ సగం తగ్గుతుంది. రెండూ మొలిస్తే బలహీనమైనదాన్ని పీకకుండా కత్తెరతో కత్తిరించాలి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. ట్రేలో చల్లి తర్వాత మార్చి నాటాలనుకుంటే బీజదళాలు విచ్చుకున్న వెంటనే, మొదటి ఆకు వచ్చేలోపే మార్చాలి. ఆలస్యమైతే తల్లివేరు వంగుతుంది.

మొలక తర్వాత నెల రోజులు ఈ మొక్కను దగ్గరగా చూడటం ఒక ఆనందం. మొదటి ఆకులు అచ్చం మన తుమ్మాకే, అత్తిపత్తి ఆకులా చిన్న చిన్న చిట్టాకుల జతలు. "గింజ మారిపోయింది, ఇది వాటిల్ కాదు" అని కొందరు ఈ దశలో కంగారుపడతారు. మారలేదు. నాలుగైదు ఆకుల తర్వాత ఆకుకాడ చదునుగా, కత్తి అంచులా వెడల్పవుతుంది. ఒక ఆకులో కాడ వెడల్పై, కొసన మాత్రం ఇంకా చిన్ని తుమ్మాకు అంటిపెట్టుకుని ఉంటుంది. తర్వాత వచ్చేవాటిలో ఆ తుమ్మాకు మాయమై, కాడే ఆకు పని చేస్తుంది. పెద్ద చెట్టు మీద మనం ఆకు అనుకునేది ఆ కాడే. అన్ని వాటిల్‌లూ ఇలా మారవు. కూటమండ్రా వాటిల్, సిల్వర్ వాటిల్ వంటివి జీవితాంతం ఈకలాంటి ఆకుతోనే ఉంటాయి. గోల్డెన్ వాటిల్ కిట్టులో మొక్క రెండడుగులు పెరిగినా కాడ వెడల్పవ్వకపోతే అప్పుడు గింజ గురించి అనుమానించవచ్చు.

బాక్టీరియా పొడి కూడా కొందరు అమ్ముతారు. వాటిల్ వేళ్ళ మీద బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని చెట్టుకు అందించేది రైజోబియం జాతి బాక్టీరియా. మన వేరుశనగకు, కందికి విత్తేముందు పట్టించేలాంటిదే, కాకపోతే రకం వేరు. బస్తాలో వచ్చే పాటింగ్ మిక్స్‌లో ఇది సాధారణంగా ఉండదు కాబట్టి, మొక్క పసుపు తిరిగి ఆగిపోతే ఈ లోటు కావచ్చు. పెరట్లో ఆరోగ్యంగా ఉన్న వాటిల్ ఉంటే దాని కింది పైమట్టి ఒక చెంచా లీటరు నీళ్ళలో కలిపి పోసినా పని జరుగుతుంది. అడవి మట్టి మాత్రం తేవద్దు, వేరుకుళ్ళు తెచ్చే ఫైటాఫ్తోరా దానితో ఇంటికి వస్తుంది. పెరట్లో వాటిల్ లేనివాళ్ళకు పొడి కొనడం సబబే, కానీ గడువు తేదీ చూసి, ఎండ తగలని అర నుంచే తీసుకోవాలి. పని చేసిందో లేదో తెలుసుకోవడం తేలిక. మూడు నెలల మొక్క వేరు మీద ఆవగింజంత బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగు కనబడితే బాక్టీరియా పనిలో ఉంది. పచ్చగానో, తెల్లగానో ఉంటే పనిలో లేదు.

పొగనీళ్ళు, పొగబిళ్ళలు అని ఇంకో సరుకు ఉంది. అడవి మంట పొగను నీటిలో పట్టినది. ఆస్ట్రేలియా మొక్కల్లో చాలావాటికి అది నిజంగా అవసరం. వాటిల్‌కి ప్రధానంగా కావలసింది మంట వేడి. మరిగే నీళ్ళున్న ఇంట్లో దీనికి డబ్బు పెట్టనక్కర్లేదు.

కొమ్మ నాటే సామాను సంగతి వేరు. ముందు కొమ్మ ఎందుకన్నది తేలాలి. గోల్డెన్ వాటిల్‌ను కొమ్మతో చేయడం అనవసర శ్రమ, గింజే తేలిక, గింజ మొక్కకే తల్లివేరు బలంగా ఉంటుంది. కొమ్మ తప్పనిసరయ్యేది ప్రత్యేక రకాలకు. స్కార్లెట్ బ్లేజ్ దీనికి మంచి ఉదాహరణ. పసుపు పూల అకేషియా లెప్రోసాలో ఎర్రటి పూలతో ఒకే ఒక్క మొక్క 1995లో విక్టోరియా అడవిలో నడకకు వెళ్ళినవాళ్ళ కంటబడింది. ఇవాళ తోటల్లో ఉన్నవన్నీ ఆ మొక్క కొమ్మల సంతతే. గింజ వేస్తే ఆ ఎరుపు వస్తుందన్న భరోసా లేదు. గుబురుగా వేలాడే లేత పచ్చని లైమ్‌లైట్ కూడా అంతే, అది అకేషియా కాగ్నాటాలో పొట్టి రకం. అమ్మకం హక్కులు నమోదైన రకాలకు లేబుల్ మీద ఆ గుర్తు ఉంటుంది. ఇంట్లో పెంచుకోవడానికి కొమ్మ పెట్టుకోవచ్చు, పెంచి అమ్మకూడదు.

వేరుపట్టించే జెల్ కొనాల్సిన వస్తువే. క్లోనెక్స్ పర్పుల్‌లో లీటరుకు 3 గ్రాముల ఐబీఏ (వేరు పుట్టించే హార్మోను) ఉంటుంది, వాటిల్ లాంటి సగం ముదిరిన కొమ్మకు ఆ బలం సరిపోతుంది. దాల్చినచెక్క పొడి, తేనె, కలబంద గుజ్జు దీనికి బదులు కావు. గులాబీ, మందారం లాంటి తేలిక మొక్కలతో వచ్చిన నమ్మకం వాటిల్ దగ్గర నిలబడదు. జెల్ సీసాలో కొమ్మను నేరుగా ముంచకండి, ఒక కొమ్మ తెచ్చిన బూజు సీసా అంతా పాడుచేస్తుంది. మూతలోకి కొంచెం వంపుకుని, పని అయ్యాక మిగిలింది పారేయాలి. సీసాను ఎండకు దూరంగా, చల్లని చోట ఉంచాలి. మార్కులు ఐదుకి నాలుగు.

కొమ్మ ఎంపికలోనే సగం పని ఉంది. మెల్‌బోర్న్ లెక్కన ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, ఆ ఏడు పెరిగిన కొసలు. వంచితే మెత్తగా వాలిపోతే లేత ఎక్కువ, టప్పున విరిగితే ముదురు ఎక్కువ. స్ప్రింగులా వంగి వెనక్కి వచ్చేది కావాలి. పొద్దున్నే కోసి తడి కాగితంలో చుట్టాలి. ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల ముక్క, కణుపు కిందుగా పదునైన బ్లేడుతో కోత. కింది సగం ఆకులు తీసేసి, పైన మూడు నాలుగు ఉంచాలి. మొగ్గలుంటే గిల్లేయాలి, పువ్వుకు పోయే బలం వేరుకు రాదు. అడుగున ఒక సెంటీమీటరు మేర ఒక వైపు బెరడును పలచగా గీరి జెల్ అంటించాలి. మూడు పాళ్ళు పెర్లైట్, ఒక పాలు కోకోపీట్ (కొబ్బరిపొట్టు) కలిపి తడిపిన మిశ్రమంలో పెన్సిల్‌తో ముందే రంధ్రం చేసి గుచ్చాలి. నేరుగా గుచ్చితే జెల్ అంతా పైనే తుడిచిపెట్టుకుపోతుంది.

అడుగున వెచ్చగా, పైన చల్లగా ఉండాలి. హీట్ మ్యాట్ అందుకే అమ్ముతారు. కానీ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేని చవక మ్యాట్ మీద మా అభిప్రాయం గట్టిగానే ఉంది: కొనకండి. ఆ మ్యాట్లు గది వేడికి ఇంచుమించు పది డిగ్రీలు కలుపుతాయి. జూన్‌లో గది 13 డిగ్రీలుంటే మట్టి 23కి వస్తుంది, అది బంగారం. మార్చిలో ఒక వేడిరోజు గది 28 ఉంటే మట్టి 38కి పోతుంది, అడుగు ఎండి కొమ్మ మొదలు నల్లబడుతుంది. పైన తడి కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి ఎందుకు పోయిందో అర్థం కాదు. థర్మోస్టాట్ కొన మట్టిలోకి, కొమ్మ మొదలు లోతుకు దిగేలా పెట్టి 22 దగ్గర ఉంచితే మ్యాట్‌కు ఐదుకి నాలుగు ఇవ్వొచ్చు. లేకుంటే ఒకటి.

ఆరు నుంచి పన్నెండు వారాలు ఓపిక పట్టాలి. పారదర్శక డబ్బా బోర్లించి, రోజూ కాసేపు తీసి గాలి తగలనివ్వాలి. రాలిన ఆకు కనబడగానే తీసేయాలి, బూజు అక్కడే మొదలవుతుంది. కొమ్మను లాగి చూడటం మానుకోండి. ట్యూబు అడుగు రంధ్రంలో తెల్లని కొన కనబడటమే వేరు పడిందనడానికి గుర్తు. కొన్ని కొమ్మలు మొదలు దగ్గర ముద్దలా కాయకట్టి నెలల తరబడి పచ్చగానే ఉండి, వేరు మాత్రం వేయవు. అలాంటివాటిని పైకి తీసి, ముద్దను సగం గీరి, మళ్ళీ జెల్ పెట్టి గుచ్చితే కొన్ని దారికొస్తాయి. ఇంట్లో సన్నని నీటి తుంపర చల్లే మిస్టింగ్ సదుపాయం లేకుండా పదిలో నాలుగు నిలబడితే మంచి ఫలితమే. అందుకే ఒక్క మొక్క కావాలంటే పది కొమ్మలు పెట్టండి.

ఇంత శ్రమ వద్దనుకునేవాళ్ళకు ట్యూబ్‌స్టాక్ ఉంది. స్థానిక నర్సరీల్లో మూడు నుంచి ఐదు డాలర్లకు, అదే ఫారెస్ట్రీ ట్యూబులో తయారైన మొక్క. కిట్టు ధరకు కనీసం రెండు మూడు వస్తాయి. పొడవైనదాన్ని కాదు, గట్టి కాండంతో జానెడు ఎత్తున్నదాన్ని ఎంచుకోండి. ట్యూబు అడుగు తిప్పి చూడండి. తెల్లని కొనలు రెండు మూడు కనబడితే సరైన వయసు. గోధుమరంగు వేళ్ళు జడలా బయటికి వచ్చి ఉంటే అది ఎప్పుడో నాటాల్సిన మొక్క, పక్కన పెట్టేయండి.

రకం విషయంలో కిట్లు చెప్పని మాట ఒకటుంది. గోల్డెన్ వాటిల్ మూడు నుంచి ఎనిమిది మీటర్ల చెట్టు. మెల్‌బోర్న్ పశ్చిమాన టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వైపు మనవాళ్ళు ఎక్కువగా ఉండే కొత్త లేఅవుట్లలో వెనక పెరడు అంటే కాస్త జాగానే. అక్కడ ఒకటి రెండు మీటర్లలో ఆగే గోల్డ్ డస్ట్ వాటిల్, అంటే అకేషియా అసినేషియా, ఎంతో నయం. ఆ పశ్చిమ మైదానాల నేలకు అదీ స్థానికమే. కూటమండ్రా వాటిల్ పూలు చూసి మనసు పోతుంది, కానీ న్యూ సౌత్ వేల్స్‌లో దాని సొంత ఊరు దాటితే అది కలుపు మొక్క. పక్క కొండల్లోకి పాకి స్థానిక వాటిల్‌లతో సంకరమవుతుంది. మన నల్ల తుమ్మ క్వీన్స్‌లాండ్ పచ్చికబయళ్ళను ఎలా ఆక్రమించిందో, ఆస్ట్రేలియా బ్లాక్ వాటిల్ మన నీలగిరుల గడ్డిమైదానాలను ఎలా మింగిందో తెలిసినవాళ్ళం కాబట్టి, మన చేత్తో అలాంటిది నాటకూడదు. ఈ కిట్టును ఇండియాకు బహుమతిగా సూట్‌కేసులో పెట్టుకోవడం కూడా అందుకే వద్దు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం విత్తనాలకు ముందస్తు పర్మిట్, ఫైటోసానిటరీ సర్టిఫికెట్ కావాలి. అవి డబ్బాతో రావు.

నేలలో పెట్టేది ఏప్రిల్ నుంచి జూన్ మధ్య, మొదటి వానలు నేలను తడిపాక. ఆ లెక్కన డిసెంబరులో, జనవరిలో గింజ విత్తితే ట్యూబులో వేరు నిండే సమయానికి నాటే కాలం వస్తుంది. క్రిస్మస్‌కు బహుమతిగా వచ్చిన కిట్టుకు ఇదొక్కటి కలిసొచ్చింది. సెప్టెంబరులో విత్తితే మొక్క ట్యూబులో ముదిరిపోతుంది, మధ్యలో లోతైన కుండీకి మార్చాల్సి వస్తుంది. మెల్‌బోర్న్ పశ్చిమాన నల్లరేగడిలాంటి బంకనేల. గుంతను వెడల్పుగా తవ్వండి, ట్యూబు కన్నా లోతుగా వద్దు. లోతుగా తవ్వి మెత్తని మట్టి నింపితే అది వానకాలంలో గిన్నెలా నీళ్ళు నిలుపుతుంది. గుంత గోడలు పారతో నున్నగా అయితే ఫోర్కుతో గీరాలి. మొక్కను నేలమట్టానికి రెండు వేళ్ళ ఎత్తున ఉంచి, తీసిన మట్టే తిరిగి నింపి, ఐదు లీటర్ల నీళ్ళు ఒకేసారి నిదానంగా పోయాలి. మొదటి వేసవి దాటేదాకా వారానికొకసారి అలా పోస్తే చాలు. రోజూ చెంబెడు పోస్తే వేరు పైనే తిరుగుతుంది. కుందేళ్ళున్న చోట మూడు కర్రలు పాతి ప్లాస్టిక్ తొడుగు తప్పక వేయాలి, ఒక్క రాత్రిలో మొదలంటా కొరికేస్తాయి.

పొట్లంలో మిగిలిన గింజలకు తొందరేం లేదు. వేడినీళ్ళు తగలని గింజను కాగితంలో చుట్టి, బిగుతు మూత సీసాలో, ఎండ పడని చల్లని అరలో పెట్టండి. సీసా మీద జాతి పేరు, కొన్న సంవత్సరం రాయండి. పురుగు తొలిచిన చిన్న రంధ్రమున్న గింజలను ముందే ఏరి తీసేయండి. మిగతావి ఏళ్ళ తర్వాత కూడా, కెటిల్ మరిగిన రోజున, అలాగే ఉబ్బుతాయి.